సున్నా పురుగులు

నా దిక్కైన అక్కకి,

అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. జ్వరాలు లేవు, దెబ్బలు లేవు, ఆ లెక్కన క్షేమమే. కానీ నాకు భయంగా ఉందక్కా. నవ్వకు. చిన్నప్పుడు గిన్నె కిందపడినా ఎగిరిపడతానని నువ్వే నాకు కుందేలని పేరు పెట్టావు, అది ఇప్పటికీ వదల్లేదు. ఇది గిన్నె చప్పుడు భయం కాదు. నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతు దిగడం లేదు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. మా ఇల్లంటే నర్సరీ వెనకాల ఒక గది, ఒక వంటగది, అంతే. నా గొంతు సంగతి నీకు తెలుసు, గుసగుసగా మాట్లాడినా గేటు దాకా వినపడుతుంది. ఆయన ఎప్పుడూ మొక్కల మధ్యే ఉంటారు. ఇవి ఆయన వినకూడని మాటలు.

అన్నయ్య కొత్త నేలలో నారింజ వేస్తున్నాడని నీకు తెలుసు. ఆ వాలులో ఇంతవరకు ఎవరూ ఏ తోటా వేయలేదు. ఎత్తు మీద గాలి చల్లగా ఉంటుంది, మట్టి మెత్తన. డ్రిప్పు గొట్టాలు కూడా పరిచేశాడు. ఆరువందల అంటు మొక్కలు మా నర్సరీ నుంచే తీసుకుంటానన్నాడు. ఆ మాట అన్నయ్య నోటి నుంచి రావడం ఎంత పెద్ద విషయమో నీకు వేరే చెప్పాలా? మా పెళ్ళినాడు ఆయన్ని పక్కన పెట్టుకునే, "టైలరింగ్ వదిలేశాడు, సైకిల్ షాపు మూసేశాడు, రేపు మా చెల్లెల్ని ఎప్పుడు వదిలేస్తాడో" అన్నవాడు కదా. ఆ రోజు నుంచి ఆయన ఈ మొక్కల్ని పట్టుకుని వేలాడుతున్నారు. అన్నయ్య వచ్చి మొక్కలు చూసి తల ఊపి వెళ్ళిన రోజు, ఈయన సాయంత్రం దాకా ఖాళీ సంచుల్లో మట్టి నింపుతూ ఈల వేస్తూనే ఉన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఈల వినడం నాకు అదే మొదలు.

అన్నయ్య ఒక్క షరతు పెట్టాడు. వేర్లలో నులిపురుగులు లేవని పరీక్ష కాగితం కావాలన్నాడు. ఇది కంటికి కనపడే పురుగు కాదక్కా. దారప్పోగులో వెయ్యో వంతు ఉంటుందేమో. నారింజ, నిమ్మ వేర్లలో తల దూర్చి, తోక బయటపెట్టి కూర్చుంటుంది. చెట్టు చచ్చిపోదు, అలాగని బతకదు. ఆకులు చిన్నవైపోతాయి, కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తాయి, కాయ నిమ్మకాయంత అయి ఆగిపోతుంది. ఒక నేలలో దిగిందంటే ఇక దాన్ని ఎవరూ ఖాళీ చేయించలేరు. గుడ్లు ఏళ్ళ తరబడి మట్టిలోనే పడి ఉంటాయట.

మా నారుమళ్ళు పాత నారింజ తోట నీడలో ఉన్నాయి. సంచుల్లో నింపేదీ ఆ మట్టే. పల్లపు వైపు పాత చెట్లు పైనుంచి పలచబడుతున్నాయి. నీళ్ళు చాలడం లేదని ఈయన అంటారు, నేనూ అదే అనుకుంటూ వచ్చాను.

పోయిన వారం కాగితం వచ్చింది. నులిపురుగులు సున్నా. ఈయన దాన్ని గోడకి అంటించారు. అన్నయ్యకి ఫోను చేసి చదివి వినిపించారు, ఒకటికి రెండుసార్లు.

నిన్న తోటల ఆఫీసరమ్మ స్కూటరు మీద ఇటు వచ్చింది. ఈయన ఊళ్ళోకి వెళ్ళారు. ఆవిడ కాగితం చూసి, "సున్నానా? ఇంత పాత తోట పక్కన సున్నా రావడం నేను చూళ్ళేదే," అంది. తర్వాత, "మట్టి ఎలా పంపారమ్మా?" అని అడిగింది. నాకు ఏం తెలుసు? మామూలు మట్టి పరీక్షకి ఎలా పంపుతామో అలాగే. దుప్పటి మీద పరిచి, బాగా ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి. మడి గట్టు మీద దుప్పటి పరిచి ఉండటం నేను కళ్ళారా చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండ.

ఆవిడ తల పట్టుకుంది. ఎరువు పరీక్షకి ఆరిన మట్టి కావాలట, పురుగు పరీక్షకి తడిమట్టి కావాలట. ల్యాబులో మట్టిని పలచటి కాగితం మీద వేసి కింద నీళ్ళు పెడతారు. బతికున్న పురుగులు ఈదుకుంటూ నీళ్ళలోకి దిగుతాయి, వాటిని లెక్కపెడతారు. "ఎండలో మాడిన పురుగు ఈదదమ్మా. పైనే ఉండిపోతుంది. లెక్కలోకి రాదు," అంది. సున్నా అంటే పురుగు లేదని కాదు, ప్రాణంతో లేదని.

ఆయనకి తెలియక చేసుంటారండీ అన్నాను. ఆవిడ హెల్మెట్ పెట్టుకుంటూ ఏమందో తెలుసా? "తెలియకపోవడమేంటి, తడిమట్టి తీసి నీడలో ఉంచి పంపమని మీ ఆయనకి నేనే చెప్పాను కదా."

ఆయనకి తెలుసు. తెలిసే ఎండలో పరిచారా? నా పక్కన కూర్చుని భోంచేసే మనిషి, నా అన్న నేలని తెలిసి తెలిసి పాడుచేయడానికి సిద్ధపడ్డారా? అడగాలంటే నోరు పెగలడం లేదు. అవునంటే నేనేం చేయాలి?

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. అన్నయ్యకి ఒక్క ముక్క చెప్పకు.

నీ కుందేలు

*

అక్కా, నా బంగారు అక్కా,

ఈ ఉత్తరంతోపాటు బస్సు డ్రైవరు నీకు ఒక నీళ్ళ డబ్బా ఇస్తాడు. మూత తీసి కంగారుపడకు. లోపల తడిగోనెలో చుట్టిన మట్టి, కొన్ని వేర్లు ఉన్నాయి. ఆసుపత్రిలో రక్తం సీసాలతో వేగేదానివి కాబట్టి నీకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండ తగలనివ్వకు, కారులో వదిలెయ్యకు. అలాగని మీ ఫ్రిజ్‌లో గడ్డకట్టేలా పెట్టకు. మరీ చలికి పురుగు మొద్దుబారిపోయి కదలదట. మనుషులకి హాయిగా ఉండే చల్లదనమే దానికీ హాయి, ముందు గదిలో కుండ పక్కన పెడితే చాలు. దానికి అల్లుడి మర్యాదలు చేయాల్సి వస్తోంది, ఏం చేస్తాం. రేపే మీ ఊరి మట్టి ల్యాబులో ఇచ్చెయ్యి. నీ పేరు మీదే ఇవ్వు.

దీన్ని తీయడానికి నాకు ప్రాణం పోయింది. ఆయన ఖాళీ సంచుల కోసం బజారుకి వెళ్ళగానే చిన్న పార పట్టుకుని నారుమడిలో కూర్చున్నాను. పైపొర మట్టి తీసి పంపకూడదని, ఆఫీసరమ్మని మళ్ళీ అడిగితే చెప్పింది. ఈ ఎండాకాలంలో పైమట్టి పెనంలా కాలుతుంది, పురుగు అక్కడ ఉండదు, తడి ఉన్న చోటికి దిగిపోతుంది. పాత తోటలో ఎగువ ఇసుక వైపు ఇప్పుడు వెతికినా చాలా తక్కువే దొరుకుతాయట. పల్లపు వైపు బంకమట్టి తడి వదలదు, నారుమడికి రోజూ నీళ్ళు పెడతాం, అక్కడ వాటికి ఏ కాలమైనా ఒకటే. జానెడు లోతు తవ్వి పీచువేర్లతో సహా తీశాను. పైన చూస్తే మొక్కలు ఎంత ముద్దుగా ఉన్నాయో! పచ్చగా, తళతళలాడుతూ. లేత వయసులో తెలియదట, పెద్దయ్యాకే బయటపడుతుందట.

అప్పుడు నాకో పాడుబుద్ధి పుట్టింది. ఒక మొక్క వేర్లని బకెట్లో ముంచి కడిగాను. మంచి వేరైతే మట్టి జారిపోయి తెల్లగా వస్తుంది, కదా. ఇది రాలేదు. వేళ్ళతో రుద్దాను, అయినా రాలేదు. సన్నటి వేర్ల చుట్టూ మట్టి జిగురుతో అంటించినట్టు పట్టుకుని ఉంది. పురుగు గుడ్లు పెట్టే చోట బంక కారుతుందని, దానికి మట్టి అంటుకుంటుందని ఆఫీసరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆ చేత్తో తినబుద్ధి కాలేదు.

తల ఎత్తేసరికి ఎదురుగా ఆయన. ఎప్పుడొచ్చారో తెలియదు. సైకిలు చప్పుడు కూడా వినపడలేదు.

"ఏం కడుగుతున్నావు?" అన్నారు.

"చేతులండీ."

బకెట్ వైపు చూశారు. అందులో వేర్ల తునకలు తేలుతున్నాయి. నా వైపు చూశారు. బకెట్ తీసుకెళ్ళి, దూరంగా పల్లపు చెట్ల పాదులో పారబోసి, అంచు కూడా అక్కడే కడిగి తెచ్చి బోర్లించారు. "ఎండలో కూర్చోకు, వడదెబ్బ తగులుతుంది," అని నా తల మీద తువ్వాలు కప్పి లోపలికి వెళ్ళిపోయారు.

అక్కా, ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. ఈ మెత్తదనమే నన్ను చంపుతోంది. బకెట్ అంత జాగ్రత్తగా ఆ ఎండుతున్న చెట్ల దగ్గరే ఎందుకు పారబోశారు? తెలియని మనిషైతే ఎక్కడ పడితే అక్కడ పోస్తాడు కదా. పోయిన వారం నుంచి ఈల కూడా లేదు. నేను వెనకనుంచి వస్తే ఉలిక్కిపడుతున్నారు. ఈ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు కుందేళ్ళు.

లారీ వచ్చే వారమని అన్నయ్య అన్నాడు. మొదటి వాన పడకముందే నాటేయాలని తొందరపడుతున్నాడు. వాన పడి నేల చల్లబడిందంటే, ఆ మెత్తటి మట్టిలో, ఆ డ్రిప్పు తడిలో పురుగుకి పండగే. జవాబు రాయి. అదే డ్రైవరుకి ఇవ్వు.

నీ కుందేలు

*

కుందేలుకి,

నీ మట్టికి మొన్న మా ఇంట్లో రాజభోగం జరిగింది. మీ బావగారు కుండ పక్కన డబ్బా చూసి ఏదో తినేదనుకుని మూత తీశారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

ఫలితం సూటిగా చెబుతున్నాను, కూర్చుని చదువు. చారెడు మట్టిలో వెయ్యికి పైన ఉన్నాయి. వేర్లలో అంతకన్నా ఎక్కువ. ల్యాబులో పిల్ల నాకు మైక్రోస్కోపులో చూపించింది. నేను రోజూ మనుషుల రక్తం చూసేదాన్ని, దేనికీ జంకను. కానీ ఆ చిన్న నీటిబొట్టులో అవి మెలికలు తిరుగుతుంటే నా ఒళ్ళు జలదరించింది. కాగితం ఇందులో పెట్టాను.

నీ ఉత్తరాలు నేను చింపలేదు, చింపను. అన్నయ్యకి చెప్పనూలేదు. అది నీ నోటి నుంచో, మీ ఆయన నోటి నుంచో రావాలి. కానీ లారీ కదిలిందని తెలిస్తే మాత్రం నేనే ఫోను చేస్తాను, ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసినా సరే.

ఒకటి అడుగుతాను. నీకు మీ ఆయన్ని అడగాలంటే భయమా, ఆయన చెప్పే జవాబంటే భయమా? అది తేల్చుకో. చెడ్డ రిపోర్టు ఇచ్చేటప్పుడు నేను చూస్తుంటాను, కవరు విప్పకుండా చేతిలో పట్టుకుని కూర్చునేవాళ్ళ బాధే ఎక్కువ. విప్పాక ఏదో ఒకటి చేస్తారు.

నీ అక్క

*

అక్కా,

ఈ ఉత్తరం అన్నయ్య పంపుషెడ్డులో, ఎరువుల బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

నీ ఉత్తరం, లారీ ఒకే పొద్దున వచ్చాయి. అన్నయ్య వారం ఆగలేక ముందే బయలుదేరాడట. బస్సు డ్రైవరు కవరిచ్చి వెళ్ళాక నర్సరీ షెడ్డులో నిలబడి చదువుతున్నాను. కాగితంలో అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. అంతలో ఆయన వచ్చారు.

"అక్క దగ్గర్నుంచా? ఏమంటుంది?"

జాకెట్లో దాచుకోవాలని చెయ్యి పైకి వెళ్ళింది కూడా. నువ్వు రాసిన మాట అడ్డం పడింది. ఉత్తరం, కాగితం రెండూ ఆయన చేతిలో పెట్టేశాను. పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన నన్ను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదక్కా. అయినా వెనక్కి వేశాను. ఆయన అది చూశారు.

చదివి, బోర్లించిన కుండీ మీద కూర్చున్నారు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పారు.

"ఎప్పటిలాగే దుప్పటి మీద పరిచాను. పరిచినప్పుడు అక్కడ నీడే ఉంది. ఇదిగో, ఈ కుండీ మీదే కూర్చున్నాను. ఆవిడ తడిమట్టి అని చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. లేచి సంచిలోకి ఎత్తేద్దామనుకున్నా. నీడ జరుగుతోంది. సగం దుప్పటి మీదికి ఎండొచ్చింది. చూశాను. మొత్తం ఎండలోకి వచ్చేసింది. అదీ చూశాను. లేవలేదు."

"ఎందుకండీ?"

"పల్లపు చెట్లు అలా ఎందుకు ఎండుతున్నాయో నాకు ఎప్పటినుంచో అనుమానం. లేస్తే సున్నా రాదని తెలుసు."

నేను ఊహించుకున్న దాంట్లో ఆయన ఒక దొంగలా అటూ ఇటూ చూసి, కావాలని మట్టిని ఎండలోకి లాగారు. ఇది అలా లేదు. ఒక మనిషి కదలకుండా కూర్చున్నాడు, అంతే. ఏది ఎక్కువ భయంకరమో ఇప్పటికీ చెప్పలేను.

"నేను అడిగి ఉంటే చెప్పేవారా?" అన్నాను.

అవునంటారేమో అనుకున్నాను. "తెలీదు," అన్నారు.

గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. అన్నయ్య దిగి, చేతులు రుద్దుకుంటూ, "ఎక్కిద్దామా?" అని కేకేశాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో అక్కా, నాన్న పోయాక వాణ్ణి అలా చూడలేదు. ఆ క్షణంలో నాకేం తట్టిందో చెబితే నువ్వు అసహ్యించుకుంటావు. ల్యాబువాళ్ళు తప్పు చేశారని చెప్పేస్తే? మొక్కలు ఆగిపోతాయి, నేల దక్కుతుంది, ఈయన పరువూ దక్కుతుంది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన నన్ను దాటుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయారు. ఒక మొక్క సంచి చింపి, వేర్లు బకెట్లో ముంచి రుద్ది చూపించారు. కుండీ మీద కూర్చోవడం దగ్గర నుంచి "లేవలేదు" దాకా, నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా అన్నయ్యకి చెప్పారు. లారీ డ్రైవరు వింటూనే ఉన్నాడు.

అన్నయ్య కొడతాడనుకున్నాను. వాడి మొహం ముందు ఎర్రబడి, తర్వాత సున్నం కొట్టినట్టయింది.

"మరి నేను ముందే పట్టుకెళ్ళిన ఇరవై?" అన్నాడు.

మొక్కలు చూడటానికి వచ్చిన రోజు, ముద్దొచ్చాయని ఇరవై సంచులు తన వ్యాను వెనక వేసుకుని వెళ్ళాడట. నాకు తెలియదు. పంపుషెడ్డు పక్కన అప్పుడే నాటేశాడట. ఆ మాట వినగానే ఈయన గేటు పట్టుకుని నిలబడ్డారు. నాకైతే ఆ వాలంతా, రాబోయే ఏళ్ళన్నీ, పైనుంచి ఎండుతూ కళ్ళ ముందు కనపడింది.

"నీళ్ళెలా పెట్టావు?" అని ఈయన అరిచారు. ఆయన అన్నయ్య మీద గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. "డ్రిప్పు వదిలావా?"

"లేదు. ఇంకా మోటారు బిగించలేదు. చెంబుతో పోస్తున్నాం."

ఆఫీసరమ్మకి ఫోను చేశాం. ఈసారి నా గొంతు గేటు దాటి వినపడినా లెక్కచేయలేదు. పురుగు తనంతట తాను పెద్దగా నడవదట, దాన్ని మోసుకెళ్ళేది పారే నీళ్ళూ, మట్టి అంటిన పారలూ, చెప్పులూ. చుట్టూ నేల ఎండి కాలుతున్నంతకాలం తడి ఉన్న పాదు దాటి పోవడం కష్టమట. "చుక్క నీళ్ళు పోయొద్దు. వాన పడకముందే తడి మట్టంతా మొక్కతో సహా ఎత్తెయ్యండి. పారలు అక్కడే కడిగి ఎండలో పెట్టండి," అంది. ఏ ఎండ మమ్మల్ని ముంచిందో దాన్నే పట్టుకుని వేలాడాల్సి వచ్చింది.

ఖాళీ లారీలోనే ముగ్గురం వెళ్ళాం. ఆకాశంలో ఒక మబ్బు కనపడితే ముగ్గురం ఒకేసారి అటు చూసేవాళ్ళం. వాలు దగ్గర మట్టి అడుగేస్తే దుమ్ము లేస్తోంది, ఒక్క పాదులే నల్లగా, తడిగా. వాళ్ళిద్దరూ తవ్వారు, నేను తట్టలు మోశాను. తడి ఎక్కడ ఆగిందో వేళ్ళతో తడిమి చూసి, ఇంకో జానెడు ఎక్కువే తవ్వించారు ఈయన. అన్నయ్య తిడుతూనే ఉన్నాడు, ఈయన్ని, నన్ను, ఎండని, తన తొందరని. ఈయన పార ఆపలేదు. రెండు రోజులు పట్టింది. మొక్కల్నీ మట్టినీ రేకు మీద పోసి తగలబెట్టాం. మా ఆరువందలూ అలాగే పోతాయి, నర్సరీ ఈ ఏడాదికి మూతే. అన్నయ్య ఇంకెక్కడి నుంచైనా మొక్కలు తెచ్చుకుంటాడు, అదీ నేల బాగుంటేనే.

బాగుందో లేదో ఇప్పుడే తెలియదక్కా. ఈ వేడిలో పరీక్ష చేసినా ఏమీ కనపడదు, మళ్ళీ ఒక అబద్ధపు సున్నా వస్తుంది. వానలు పడి నేల చల్లబడ్డాక, తడి నిలిచాక, ఆ గుంతల చుట్టూ మట్టి తీసి పంపాలి. అప్పటిదాకా ఈ భయం పోదు. ముద్ద మాత్రం దిగుతోంది.

ఇందాక నీళ్ళు తాగుతూ అన్నయ్య, "ఆ మట్టి ఎవరు తీస్తారు?" అన్నాడు.

"నేను తీస్తాలే," అన్నాను.

"నువ్వొద్దు." పారతో ఈయన వైపు చూపించాడు. "ఆయన తియ్యాలి."

ఈయన తల ఎత్తలేదు. "నన్నెలా నమ్ముతారు?"

"నమ్మకం గురించి నన్ను అడక్కు, నాకు ఇంకా ఒళ్ళు మండుతోంది," అన్నాడు అన్నయ్య. "నీడ జరుగుతుంటే లేవకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు. నీకు తెలుసు. నువ్వైతే లేస్తావు."

ఈయన మొహం తువ్వాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ తీయలేదు. అన్నయ్య వేరే వైపు తిరిగి పారకి అంటిన మట్టి గీరుతూ నిలబడ్డాడు.

నీ చెల్లి